పసుపు పెట్టని తెలుపు

మా ఆయన పేరు ఉమామహేశ్వర. ఆయన బొమ్మలు వేస్తాడని ఎవరితోనైనా చెప్పాలంటే నాకు నోరు రాదు. వేస్తే బొమ్మ కనబడాలి కదా. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాను, తెలుపు తప్ప ఇంకో రంగు ముట్టలేదు. తెల్లగుడ్డ మీద తెల్లరంగు, అది ఆరాక మళ్లీ తెలుపు. "ఊరికే సూస్తా కూర్చో హేమా, దానంతట అదే కనపడతాది" అంటాడు. కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి గానీ నాకేమీ కనబడలేదు.

నా మాట ఆయన పట్టించుకోడు. ఆయన దిగులంతా వాళ్లమ్మ గురించే. మా అత్త ఈరక్క ఎమ్మిగనూరులో మగ్గం పక్కనే పుట్టి పెరిగిన మనిషి. ఆయన బొమ్మలు వేసుకునే పెరటి గది గడప ఆమె ఏనాడూ తొక్కలేదు. అన్నానికి పిలవాలన్నా వాకిట్లోనే నిలబడి కేకేస్తుంది. ఒక్క బొమ్మ ముందైనా అమ్మ నిలబడి చూస్తే చాలని ఆయన నాతో ఎన్నిసార్లన్నాడో. తల్లి చూడని పని ఎంత చేస్తే ఏమని లోపల్లోపల కుమిలేవాడు.

పోయిన ఎండాకాలం హైదరాబాదులో ఒక ప్రదర్శనకు ఆయన బొమ్మ అడిగారు. అన్నిటికన్నా పెద్దది సిద్ధం చేశాడు. తీసుకుపోవడానికి వ్యాను వచ్చింది. డ్రైవరు లక్ష్మన్నను వెంటబెట్టుకుని గదిలోకి వెళ్లిన మనిషి అక్కడే కొయ్యబారిపోయాడు. తెల్లటి బొమ్మకు కింది మూలన, వేలితో పెట్టిన పసుపు. ఇంకా తడి ఆరలేదు.

వెనకే వెళ్లిన నాకు నవ్వాగలేదు. చీరైనా చొక్కా అయినా, కొత్తబట్టకు మూలన పసుపు పెట్టకుండా మా ఇండ్లలో ఎవరూ కట్టరు. ఇదీ గుడ్డే కదా మరి. కానీ ఆయన ముఖం చూశాక కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను.

"ఎవరు పెట్టినారు?" అన్నాడు.

"నేనేప్పా. బయటికి పోతాండాది గదా" అంది మా అత్త, గడప అవతల నిలబడి.

"అంతా తెల్లగానే ఉండల్లమ్మా. ఇన్నాళ్ల పని పోయె."

"అట్ల ఉండకూడదనే పెట్టినా" అంది. "పసుపు లేని తెల్లగుడ్డ యాడ వాడతారో నీకు తెలీదా? పీనుగు మీద కప్పేకి. నువ్వు పొద్దున లేస్తే దాని ముందరే కూర్చుంటావు. మీ నాయన పోయినంక నాకు భయం ఇంకా ఎక్కువాయె. అందుకే ఈ గడప తొక్కేదాన్ని కాదు. హేమతో పెట్టిద్దామంటే నవ్వుతాది. మొగుడు లేనిదాన్ని, నేను పెట్టకూడదు. అయినా ఎవరూ సూడనప్పుడు లోపలికొచ్చి పెట్టినా."

ఇన్నేళ్లూ ఆమెకు ఈ బొమ్మలంటే గిట్టదనుకున్నాం. కొడుక్కేమవుతుందోనని బిక్కుబిక్కుమంటూ బతికిందని మాకు తట్టనే లేదు. నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

ఆయన కుంచె తీసుకున్నాడు. "దీనిమీద తెలుపు ఏస్తానమ్మా. పసుపు లోపల అట్లే ఉంటాది. సరేనా?"

"లోపలుంటే సాలప్పా. కట్టుకునే గుడ్డకైనా ఒక ఉతుకుకు పోయేదే గదా."

మా ఎండలకు రంగు ఆరడం ఎంతసేపు. లక్ష్మన్న టీ తాగడానికి బజారుకు వెళ్లాడు. మా అత్త ఈసారి మా కళ్లముందే మెల్లగా గడప దాటి లోపలికి వచ్చింది. గోడకు ఆనించిన పాత బొమ్మలు చూపించి, "మరి వాటికి?" అంది.

ఆయన ఒక్కొక్కటే తెచ్చి నిలబెట్టాడు. పసుపు గిన్నె ఆమె పట్టుకుంది. వెనకవైపు మూలన నేను పెట్టాను. ప్రతి బొమ్మ ముందూ ఆమె నిలబడి చూసింది, ఆ తర్వాతే గిన్నె నా వైపు చాపింది. ఆయన మాత్రం వాళ్లమ్మ ముఖమే చూస్తున్నాడు.

ఆ బొమ్మల మీద పేరుగానీ తేదీగానీ ఉండదు. ఏది ఎప్పుడు వేశాడో ఆయన ఎవరికీ చెప్పడు, నాకు కూడా. అట్లా పెడుతూ ఒక చిన్న బొమ్మ దగ్గరికి వచ్చాం. నా కంటికి అదీ తెలుపే. నేను వేలు ముంచబోతే మా అత్త గిన్నె వెనక్కి తీసుకుంది. దాని ముందు అట్లాగే నిలబడిపోయింది.

"ఇది మీ నాయన పోయినప్పుడు ఏసింది గదప్పా" అంది. "దీనికొద్దులే హేమా."

ఆయన గోడకానుకుని కింద కూలబడ్డాడు. "అవునమ్మా. నీకు కనపడిందా" అన్నాడు.