చెరువులో పునాది

మస్తానయ్య ఇంట్లో ఒకటే గది, రెండు పొయ్యిలు. పెద్దకోడలు గదిలో వండితే చిన్నకోడలు అంజలి పసిబిడ్డతో వసారాలో వండేది. తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేక రెండేళ్ళు. ఆ రచ్చ పడలేక మస్తానయ్యే చిన్నకొడుకు పెంచల్‌కి ఉపాయం చెప్పాడు, ఎండిపోయిన చెరువులో ఓ మూల ఇల్లు కట్టుకోమని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చెరువులో చేపలు పట్టి బతికిన మనిషే ఇక నీళ్ళు రావని తేల్చేశాక అడ్డుచెప్పేదెవరు?

తీరా పునాది తవ్వుతుంటే గడ్డపారకి పాతకాలం పొయ్యి తగిలింది. వరికుంటపాడు దాకా కబురు పాకింది. ఆత్మకూరు నుంచి నవ్యశ్రీ అనే చరిత్ర మేడమ్ మనుషుల్ని వెంటబెట్టుకుని దిగింది. అటు గట్టు మీద ఒక గుంట, ఇటు పునాదిలో ఒక గుంట తవ్వారు. బ్రష్షులతో నెలంతా మట్టి దులుపుతూ కూర్చున్నారు. ముహూర్తం దాటిపోయిందని పెంచల్ పళ్ళు నూరుతూ తిరిగాడు.

పని ముగిసిన రోజు నవ్యశ్రీ మస్తానయ్యనీ కొడుకునీ కోడలినీ పిలిచి ముందు గట్టు మీది గుంట చూపించింది.

"అన్నిటికన్నా కింద ఉన్నది మొదటి ఊరు. పెద్ద ఇల్లు, ఒకటే పొయ్యి. జనం పెరిగేసరికి వాన పంట చాలక అందరూ కలిసి చెరువు కట్టారు. చెరువుతో వరి వచ్చింది, వరితో ఇంకా జనం పెరిగారు. కుమ్మరులు, పూసలు చేసేవాళ్ళు, అంగళ్ళు, ఇదంతా పట్నమైంది. పై పొరలో చూడండి, అదే ఇంటికి అడ్డగోడలు, నాలుగు పొయ్యిలు."

అంజలి తల తిప్పుకుంది.

"చోటు చాలక అల్లాడిపోయుంటారు. వానల్లేని ఏళ్ళలో చెరువు ఎండితే అందులోకి దిగి ఇళ్ళు కట్టుకున్నారు."

"తర్వాత ఏమైనారు మేడమ్?" అన్నాడు మస్తానయ్య.

ఆమె వాళ్ళని పునాది గుంట దగ్గరికి తీసుకొచ్చి దాని మీద కప్పిన టార్పాలిన్ పట్టా తీసింది. మట్టిలో ఒక మనిషి ఎముకలు. రెండు చేతుల మధ్య చిన్న చిన్న ఎముకలు, పసిబిడ్డవి. పక్కనే పొయ్యి, దాని మీద కుండ.

"నీళ్ళు ఒక్కసారిగా వచ్చినట్టున్నాయి. కుండ దించే వ్యవధి కూడా దొరకలేదు."

మస్తానయ్య గుంట అంచుకి వచ్చి వంగి చూశాడు. కొడుకునీ కోడలినీ పసిబిడ్డనీ ఈ చోటికి పొమ్మన్నది తన నోరే.

పెంచల్ మాత్రం తగ్గలేదు. "ఎప్పుడో పోయినోళ్ళ కోసం మేం వసారాలో చావాల్నా? పక్కన తవ్వుకుంటాం."

"వద్దురా. తెలీక జెప్పినాను. ఈడ వద్దు."

"మరి యాడుండమంటావు నాయనా?"

ఇంట్లో ఉన్న చోటు ఎంతో అందరికీ తెలుసు.

అంజలి చంకలో బిడ్డని గట్టిగా పట్టుకుని గుంటలోకే చూస్తోంది. మామ వైపు తిరిగింది.

"మామా, అక్కకి ఫోన్ చెయ్యి. మా బియ్యం గూడా ఆమె ఎసట్లోనే పొయ్యమని చెప్పు."