నేరేడు నడకకు మార్కులు

మా నాయన భీమరావు మదనపల్లె టమోటా మండీలో తలపండిన వ్యాపారి. ఆయన కంటికి లోకంలో ఏ సరుకైనా రెండు రకాలే: ఫస్టు క్వాలిటీ, సెకండు క్వాలిటీ. టమోటాలు బాగా కలిసొచ్చిన ఏడాది ఆయనకు గుర్రాల మీద మనసు పోయింది. పుంగనూరు రోడ్డులోని పొలానికి కంచె వేయించి, అడ్డుకర్రలు దూకే పోటీలకు గుర్రప్పిల్లలను పెంచడం మొదలుపెట్టాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడని బంధువులు నవ్వుకున్నారు. స్వారీ నేర్చుకుని, లద్దె ఎత్తి, డెక్కలు శుభ్రం చేసి వాటిని సాకేది మాత్రం నేను.

వాటిలో నేరేడు నా చేతుల్లో పెరిగింది. ఈనిన వారానికే తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టాను. ఇప్పుడు దానికి మూడేళ్లు. బెంగళూరు పోటీలకు దాన్ని తీసుకెళ్లాలని నా ఆశ. నాయన ఒక షరతు పెట్టాడు.

"మిషన్‌తో నడక కొలిపిస్తాను రోజమ్మా. ఫస్టు క్వాలిటీ అంటే నీది. కాదంటే కుప్పం ముద్దుకృష్ణకు ఇచ్చేస్తా."

ముద్దుకృష్ణ పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపుతాడు. మా నేరేడు కుక్కర్ విజిలుకే కంచె దూకే రకం. అది బాండు మేళానికీ టపాకాయలకూ మధ్య పెళ్లికొడుకును మోస్తుందట. ఆ పెళ్లికొడుకు ఎవరోగానీ, వాణ్ణి తలుచుకున్నా జాలేసింది.

నడక కొలవడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. పోయిన నెల నన్ను చూడ్డానికి వచ్చినావిడ, "అమ్మాయిని వాకిలి దాకా ఒకసారి నడిచి రమ్మనండి" అంది. ముందురోజే గుర్రం మీదనుంచి పడ్డాను. కుంటుకుంటూ వెళ్లొచ్చాను. పెళ్లివారు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచారు. "నా బిడ్డేమన్నా గుర్రమా, నడిపించి సూసేదానికి?" అని నాయన వారం రోజులు మండిపడ్డాడు. ఇప్పుడు అదే నాయన గుర్రాన్ని నడిపించి చూస్తున్నాడు. తప్పేముంది, గుర్రం గుర్రమే కదా.

పక్కనున్న అంగళ్లు ఊరి నుంచి నరేంద్ర అనే ఇంజనీరు సెన్సర్ల పెట్టెతో వచ్చాడు. ముందుగా లాప్‌టాప్‌కు కుంకుమ బొట్టు పెట్టాడు. తర్వాత నేరేడు తలమీద ఒకటి, నడుంమీద ఒకటి, నాలుగు కాళ్లకూ పట్టీలతో నాలుగు సెన్సర్లు బిగించాడు. అడుగు ఎంత సాగుతోంది, కాలు ఎంత లేస్తోంది, బరువు నాలుగు కాళ్ల మీదా సమంగా పడుతోందా అనేది ఆ మిషన్ చెబుతుంది. చుట్టుపక్కల పొలాలవాళ్లంతా పని మానుకుని వచ్చారు. ఫలితం కోసం ఆగలేక ముద్దుకృష్ణ అప్పుడే బండి తెచ్చి గేటు దగ్గర పెట్టుకున్నాడు.

పగ్గం పట్టుకుని నేరేడును చిన్న పరుగున అటూ ఇటూ తిప్పాను. లాప్‌టాప్ తెరమీద ఎర్రగీతలు పడ్డాయి.

"ఎనక ఎడం కాలు సరిగా మోపలేదు సార్" అన్నాడు నరేంద్ర. "కుంటు ఉండాది."

"సెకండు క్వాలిటీ" అన్నాడు నాయన, అక్కడికక్కడే.

నాకు నమ్మబుద్ధి కాలేదు. వంగి ఆ కాలి పట్టీ విప్పాను. దాని కింద గవ్వలు గుచ్చిన నల్లతాడు. జనం కళ్లు పడతాయని పొద్దున్నే నాయన కట్టిన దిష్టితాడు అది. నరేంద్ర పట్టీని సరిగ్గా దానిమీదే బిగించాడు. గవ్వలు చర్మంలోకి దిగి అచ్చులు పడ్డాయి.

"ఇది నొక్కుకోనుండాది నాయనా. తీసేసి మళ్లీ కొలుద్దాం."

"మంత్రించిన తాడు అమాస దాకా తీయగూడదు."

నరేంద్ర వైపు చూశాను.

"నేనూ సూసినానక్కా" అన్నాడు. "సెంటిమెంటు గదా, యాల ముట్టుకునేదని ఊరకున్నా."

కోపంతో నా ఒళ్లు మండింది. ఏడుపు కూడా వచ్చింది. గేటు దగ్గర ముద్దుకృష్ణ బండి తలుపు తీస్తున్నాడు. ఈ ఇంట్లో న్యాయం అడిగితే రాదు, నాయన భాషలోనే అడగాలి.

"నాయనా, ఇంతమంది వచ్చినారే, గుర్రాన్ని ఎవురన్నా సూసినారా? అందురి కళ్లూ ఆ లాప్‌టాప్ మీదనే. దిష్టి దానికి తగిలుండాది. తాడు ఈడ కట్టి ఏం లాభం?"

నాయన జనాన్ని చూశాడు. జనం నిజంగానే లాప్‌టాప్ చుట్టూ మూగి ఉన్నారు. ఆయన మొహం మారిపోయింది.

"ముందే సెప్పాల గదమ్మా" అంటూ వంగి, తన చేత్తోనే తాడు విప్పి, లాప్‌టాప్ మూతకు చుట్టి ముడివేశాడు. నరేంద్ర కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

నేరేడు కాలు కాసేపు రుద్ది మళ్లీ పరుగెత్తించాను. ఈసారి ఒక్క ఎర్రగీత లేదు. లాప్‌టాప్ తెర అంతా పచ్చగా వెలిగింది.

"సూసినావా అప్పా, తాడు పడంగానే మిషన్ కుదురుకొనింది" అన్నాడు నాయన నరేంద్రతో. "ఫస్టు క్వాలిటీ."

ముద్దుకృష్ణ ఖాళీ బండి తోలుకుని వెళ్లిపోయాడు. నేను నేరేడు మెడను వాటేసుకున్నాను.

మర్నాడు పొద్దున నాయన ఇంకో నల్లతాడుతో వచ్చాడు. పోటీల్లో అందరి కళ్లూ నా మీదే ఉంటాయట. కాలు చాపమన్నాడు.

రెండు కాళ్లూ చాపాను.

"రెండింటికీ కట్టు నాయనా. ఒకదానికే కడితే, రేపు కుంటిదని నన్ను గూడా కుప్పం బండి ఎక్కిస్తావు."

నాయన నా కాళ్లకేసి, చేతిలోని తాడుకేసి చూశాడు. తర్వాత దాన్ని జేబులో పెట్టుకున్నాడు.