పిక్కలు కొట్టని రోజులు

"గుంటకి కాళ్ళున్నాయి కదేటే, నడుస్తాది. గుంటడికి వేను కట్టాల" అన్నాడు పోలారావు కూతుర్నీ కొడుకునీ చూసి, ఆ ఏడాది బడులు తెరిచిన రోజున. ఆయన అన్నట్టే జరుగుతోంది. పొద్దున్నే ఆయన భార్య వరహాలు కొడుకు అజయ్‌కి కేరేజీ కట్టి, తలకి నూనె రాసి, బూట్లు తొడిగి గుమ్మంలో నిలబెడుతుంది. కూతురు సౌజన్య తమ్ముడి సంచి తన భుజానికి తగిలించుకుని, వాడి చెయ్యి పట్టుకుని జీడితోటల మధ్య ఇసకదారిలో రోడ్డు దాకా తీసుకెళుతుంది. పలాస కాన్వెంటు వేను అక్కడ ఆగుతుంది. వాణ్ణి ఎక్కించి, సంచి కిటికీలోంచి అందించి, అదే దారిన వెనక్కి వచ్చి, అప్పుడు తన సంచి తీసుకుని ఊళ్ళో బడికి పరిగెత్తుతుంది. వాడిది రెండో తరగతి. ఆ పిల్లది అయిదు.

పొలం పనులు లేనప్పుడు పోలారావు పలాస షావుకారు దగ్గర నుంచి కాల్చిన జీడిపిక్కల బస్తాలు సైకిలు మీద వేసుకుని తెచ్చి వసారాలో దింపుతాడు. దింపడంతో ఆయన పని అయిపోతుంది. ఆ పిక్కల్ని ఒక్కొక్కటే రాయి మీద పెట్టి, చెక్కసుత్తితో పగలగొట్టి, పప్పు విరక్కుండా తీసి, పైతొక్క ఒలిచి పెట్టడం ఆడవాళ్ళ పని. ఆ ఊళ్ళో పిక్కలు కొట్టే మగవాణ్ణి ఎవరూ చూడలేదు. పెంకులో ఉండే జిడ్డు చేతికి తగిలితే చర్మం కాలిపోతుంది. అందుకని పిడికెడు పిడికెడుకీ వేళ్ళకి బూడిద రాసుకుంటూ కొట్టాలి. ఎంత రాసుకున్నా వేళ్ళు నల్లబడి, చివర్లు పెచ్చులు లేస్తాయి. వరహాలు పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ వేళ్ళతో అన్నం కలుపుకుంటే నోరు మండేది. ఇప్పుడు మండటం లేదో, మండుతున్నట్టు తెలియడం లేదో ఆమెకే అర్థం కాదు. పప్పు తూకం వేసి కూలి తెచ్చుకునేది పోలారావు. "మా ఇంటిదాని చెయ్యి మంచిది, పప్పు ఇరగదు" అని షావుకారు కొట్లో చెప్పుకుంటాడట. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు.

మామ జోగారావుకి కాళ్ళు పొంగడం మొదలయ్యాక ఆ ఇంట్లో పని ఇంకా పెరిగింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఊళ్ళో నీళ్ళ వల్లేనని అందరూ అనుకుంటారు. ఉప్పు లేకుండా ఆయనకి వేరే వండాలి, కొలిచి నీళ్ళివ్వాలి, మంచం మీదే ఒళ్ళు తుడవాలి. ఇన్నిటి మధ్యా సౌజన్య బడి నుంచి రాగానే ఎవరూ చెప్పకుండానే తల్లి పక్కన కూర్చుని తొక్క ఒలిచేది. చిన్నవేళ్ళు, బాగా ఒలిచేవి. అత్త రాజులమ్మ మంచం పట్టె మీద కూర్చుని చూసి, "నా మనవరాలు బంగారమే, అమ్మకి కుడిచెయ్యి" అనేది. కుడిచెయ్యి అనే మాట విన్నప్పుడల్లా వరహాలు పిల్ల చేతుల వైపు చూసేది. చూపుడువేలు కొన అప్పటికే నల్లబడింది.

అయిదో తరగతి మాస్టారు దానయ్య ఇంటికి వచ్చింది అలాంటి ఒక సాయంత్రమే. "అమ్మా, నవోదయ పరీక్షకి ఈ పిల్లని కూర్చోబెట్టాలి. సీటొస్తే పన్నెండో తరగతి దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. తిండీ బట్టా వాళ్ళదే. ఒక్కసారే రాయనిస్తారు, మళ్ళీ అవకాశం ఉండదు" అన్నాడు. పోలారావు నవ్వి, "రాయనీండి మేస్టారూ, రాత్తే పోయేదేటుంది" అన్నాడు. వస్తుందని ఆయన అనుకోలేదు. వరహాలు అనుకుంది. పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం అని కాదు. ఆ బడి ఉన్న చోట నీళ్ళు వేరని ఆమె మొదట అనుకుంది. ఆ తర్వాత, అక్కడ పిక్కలుండవనుకుంది. ఆ రెండు సంగతులూ ఎవరితోనూ చెప్పలేదు.

పరీక్ష టెక్కలిలో పెట్టారు. మర్నాడు పరీక్షనగా పోలారావు బస్తా తెచ్చి దింపాడు, షావుకారుకి తొందరట. వరహాలు పిల్లని ముట్టుకోనివ్వలేదు. వేళ్ళు శుభ్రంగా ఉండాలి, పెన్ను పట్టుకోవాలి, నువ్వు చదువుకో అని లోపలికి పంపించి, ఇద్దరి పనీ తనే చేసింది. తొందరలో బూడిద రాసుకోవడం మానేసింది. పొద్దుగూకేసరికి వేళ్ళ సందుల్లో మంట మొదలైంది, మర్నాటికి రెండు చేతులూ బొబ్బలెక్కాయి. కొబ్బరినూనె పూసి, పాతచీర పీలికలు చుట్టుకుని, పిల్లని తీసుకుని బస్సెక్కింది. పిల్ల శుభ్రమైన వేళ్ళు చూసుకుంటూ దారి పొడుగునా వరహాలు ఎంత మురిసిపోయిందో ఆమెకే తెలుసు.

మామిడిపళ్ళ రోజుల్లో ఫలితాలొచ్చాయి. సౌజన్య పేరు లేదు. దానయ్య మాస్టారు మొహం చిన్నబుచ్చుకుని వచ్చాడు. "నాకు అర్థం కావట్లేదమ్మా. నేను చెప్పిన లెక్కలే ఇచ్చారు. నిద్దట్లో లేపి అడిగినా చెప్పే పిల్ల" అన్నాడు. వెళుతూ వెళుతూ, ఆడపిల్లల గురుకులానికి కూడా దరఖాస్తు పెట్టానని, ఆ పరీక్ష బడులు తెరవకముందే ఉంటుందని చెప్పాడు. పోలారావు తుండుగుడ్డ దులుపుకుంటూ, "గుంట తెలివంతా పంతులు నోట్లోనే ఉందన్నమాట" అన్నాడు. రాజులమ్మ, "పోన్లే, ఇంటి గుంట ఇంటికాడుంటాది. ఎల్పోతే దీని అమ్మకి సాయం ఎవులు?" అంది. ఆమె గొంతులో నిజంగానే ప్రేమ ఉంది.

ఆ సాయంత్రం ఇద్దరూ వసారాలో పిక్కల ముందు కూర్చున్నారు. కాసేపటికి వరహాలు అడిగింది.

"అంత కష్టంగా ఇచ్చినారేటే?"

"లేదు."

"మరి?"

పిల్ల తల ఎత్తలేదు. తొక్క ఊది, పప్పు చేటలో వేసింది. "అన్నీ వొచ్చినాయి. నానే తప్పులు పెట్టినాను."

వరహాలు చేతిలో సుత్తి ఆగిపోయింది.

"కావాలనే?"

"ఊఁ. బస్సులో కండట్రు టిక్కెట్టడిగినపుడు నువ్వు కొంగుముడి ఇప్పలేకపోనావు. పంటితో లాగినావు, రాలేదు. నానిప్పినాను. అప్పుడనుకున్నాను, నానెల్పోతే నీకెవులు ఇప్పుతారని."

అంత చిన్న గొంతుతో, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పేసి, ఇంకో పిక్క అందుకుంది.

వరహాలుకి ఏడుపు రాలేదు, కోపం రాలేదు. చేతులు చూసుకుంది. పిల్లని పంపించడానికే కదా ఆ రోజు ఈ చేతులు కాల్చుకుంది. కాలిన చేతులే పిల్లని ఆపేశాయి. తను చేసిన త్యాగమంతా పిల్ల కాలికి గొలుసై చుట్టుకుంది. తన సంగతి గుర్తొచ్చింది. కోటబొమ్మాళిలో పుట్టింట ఏడో తరగతి చదువుతుండగా తల్లి చింతపండు కొట్టే కూలికి పోతూ, "నువ్వు ఇంటికాడుంటే నా నడుం నిలుత్తాదే తల్లీ" అంది. వరహాలు ఉండిపోయింది. ఎంతో సంతోషంగా ఉండిపోయింది, అమ్మకి తను కావాలి కదా అని. అమ్మ నడుం నిలిచిందా? కూతురు ఇంట్లో వంట చేస్తుంది కదా అని ఆమె ఇంకో చోట కూడా పనికి ఒప్పుకుంది. చివరికి వంగిన నడుంతోనే పోయింది. తను ఉండిపోవడం వల్ల అమ్మకి ఏం తగ్గింది? ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎప్పుడూ వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుంటే జవాబు చేటలో పప్పులా ఎదురుగానే ఉంది.

"నా గురించి నీకెందుకే, గురుకులం పరీచ్చ బాగా రాయి. నాకేటీ కాదు" అంది బతిమాలుతున్నట్టు.

"అలాగే" అంది సౌజన్య. నవోదయ పరీక్షకి వెళ్ళేటప్పుడు అన్నదీ అదే 'అలాగే'. మొహం కూడా అదే మొహం. ఈ పిల్ల మళ్ళీ తప్పులు పెడుతుందని వరహాలుకి తెలిసిపోయింది. మాటలతో ఈ పిల్ల కదలదు. తన నెత్తి మీద బరువు ఉన్నంతకాలం పిల్ల ఆ బరువునే చూస్తూ ఉంటుంది.

ఆ తర్వాతి బస్తా వచ్చినప్పుడు వరహాలు దాని మూతి విప్పలేదు. వంట చేసింది, మామ ఒళ్ళు తుడిచింది, గేదెకి కుడితి పెట్టింది. బస్తా గోడకి ఆనుకుని అలాగే ఉంది. పోలారావు రెండు పూటలు చూసి అడిగాడు.

"ఇప్పలేదేటే? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మరేటి?"

"కొట్టను మావా. నా సేతులు చాలు ఇంక."

"కొట్టవా? నీ అయ్య వొచ్చి కొడతాడేటి?"

"నువ్వు కొట్టు. సుత్తి అక్కడే ఉంది."

రాజులమ్మ మంచం మీంచి దిగి, "ఓలమ్మో, మగోడు పిక్కలు కొడతాడేటే? ఊరు నవ్వదా?" అంది. పోలారావు చెయ్యి అప్పటికే లేచింది. ఆ దెబ్బకి వరహాలు గోడకి తగిలి నిలబడింది. సౌజన్య పరుగున వచ్చి రాయి ముందు కూర్చుని సుత్తి అందుకుంది. నాన్న కోపం పోవడానికి ఆ పిల్లకి తెలిసిన దారి అదొక్కటే. వరహాలు వెళ్ళి ఆ సుత్తి పిల్ల చేతిలోంచి తీసుకుని, అటక మీద పెట్టింది.

"ఈ గుంట పిక్క ముట్టుకుందంటే నాను పొయ్యి కూడా ముట్టుకోను. మీ నాన్నకి గంజి కూడా నువ్వే కాసుకో" అంది.

పోలారావు ఆ బస్తా సైకిలు మీద వేసుకుని వేరే ఇంటికి మోసుకెళ్ళాడు. దారిలో ఎవరో, "ఏటి బావా, మీ ఇంట్లో సేతులు అయిపోనాయా?" అన్నారట. ఆ కోపం ఇంటికి తెచ్చాడు. వరహాలు ఏదో సాధించానని అనుకోలేదు. ఆయన ఆమెతో మాట మానేశాడు, కంచం విసిరాడు. రాజులమ్మ ఎదురుపడితే మొహం తిప్పుకుంది. వరహాలుకి అన్నం సహించేది కాదు. చేతులకి మాత్రం పాత చర్మం ఊడి, లోపల నుంచి గులాబీ రంగులో కొత్తది వచ్చింది. సౌజన్య ఆ వేళ్ళ వైపు దొంగచూపులు చూడటం ఆమె గమనించింది. సాయంత్రాలు వసారాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. చేతులు వాటంతటవే పని వెతుక్కునేవి. పిల్ల చూస్తోందని బలవంతంగా ఆపుకునేది.

గురుకులం పరీక్ష మర్నాడనగా, షావుకారు ఇక బస్తాలు ఇవ్వనన్నాడని పోలారావు ఇంటికి వచ్చి మళ్ళీ కొట్టాడు. ఈసారి చెంప వాచిపోయింది.

పొద్దున్నే పిల్లకి జడ వేసి, "టెక్కలి ఎల్తన్నాం అత్తా" అంది వరహాలు. రాజులమ్మ ఆ చెంప వైపు చూసి, చూపు తిప్పుకుని, "ఆయనకి గంజి నాను కాత్తాన్లే. అజయ్‌గాడు నా కాడుంటాడు" అంది. అంతమాత్రం అంటుందని వరహాలు అనుకోలేదు.

బస్సులో కండక్టరు వచ్చాడు. సౌజన్య చెయ్యి అలవాటుగా తల్లి కొంగుముడి మీదికి వెళ్ళింది. వరహాలు ఆ చెయ్యి మెల్లగా పక్కకి తీసి, తన వేళ్ళతో ముడి విప్పి డబ్బులిచ్చింది. పిల్ల ఆ వేళ్ళని చూసింది. తర్వాత చెంప వైపు చూసింది. ఆ చూపు అక్కడే ఆగిపోయింది. చేతులు బాగయ్యాయి కదా అని వరహాలు అనుకుంటే ఈ చెంప ఒకటి వచ్చింది. ఈ పిల్ల లోపలికి వెళ్ళి ఈ చెంపకి లెక్క కడుతుంది, మళ్ళీ తప్పులు పెడుతుంది.

పరీక్ష పెట్టిన బడి గేటు ముందు చాలామంది తండ్రులున్నారు, పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి ఏవేవో చెబుతున్నారు. వరహాలు పిల్లని గోడ వారకి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"నొప్పిగుందా అమ్మా?" అంది సౌజన్య.

నొప్పి లేదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళూ చెప్పిందదే. ఈసారి చెప్పలేదు.

"ఉంది. నిన్న కొట్టినాడు, రేపూ కొడతాడు. నువ్వున్నా కొడతాడు, నేకపోయినా కొడతాడు. అది నానూ ఆయనా సూసుకునీది. నువ్వుంటే నాకు పని తగ్గుతాదనుకుంటన్నావు కదే? తగ్గదు. మా అమ్మ కాడ నానున్నాను, తగ్గనేదు. నువ్వుంటే సేసీవోల్లు ఇద్దరవుతారు. అంతే."

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. లోపల గంట కొట్టారు. సౌజన్య పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని లేచింది.

ఈసారి 'అలాగే' అనలేదు.