పద్దెనిమిది దిండు గలీబులు

దిండు గలీబులన్నీ ఒకేరోజు మేడ మీద ఆరేయొద్దని మా ఆయన మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఆరు చాలు, మిగతావి లోపల ఫ్యాను కింద ఆరేసుకో అనేవారు. ఎందుకని అడిగితే, "నలుగురి కళ్ళూ పడతాయి" అని నవ్వి ఊరుకునేవారు. గలీబుల మీద ఎవరి కళ్ళు పడతాయో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ గురువారం మూడు రోజుల ముసురు విడిచి ఎండ కాసింది. పై అంతస్తు అమ్మాయిలు, దిళ్ళు తడివాసన కొడుతున్నాయక్కా అని అప్పటికే రెండుసార్లు అన్నారు. ఆ మాట పడలేక పద్దెనిమిదీ ఉతికి, మూడు తీగల నిండా ఆరేశాను. క్లిప్పులు చాలక పక్కపక్క అంచులు కలిపి బిగించాను.

ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిల హాస్టల్ మాది. కింద మా ఆయన, అత్తయ్య, నేను. పైన రెండు అంతస్తుల్లో పద్దెనిమిది మంచాలు. ఆయన పనిచేసే కంపెనీలో ఉద్యోగులు వేరే వ్యాపారం చేయకూడదని రూలు. అందుకని కాగితాల మీద నా పేరు పెట్టారు. రసీదు పుస్తకం కొత్తది తెచ్చినప్పుడల్లా ఖాళీ కాగితాల మీదే నాచేత వరసగా సంతకాలు పెట్టించుకునేవారు. ఒకటో తారీఖున మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని అద్దెలు వసూలు చేసుకునేది మాత్రం ఆయనే.

మేడ దిగి వచ్చేసరికి గుమ్మంలో ఒక నడివయసు ఆవిడ నిలబడి ఉంది. చేతిలో ఫైలు. వెనక బ్యాగు తగిలించుకున్న ఒక మనిషి.

"యజమాని ఉన్నారా?" అంది ఆవిడ.

"లేరండి. ఆఫీసుకెళ్ళారు. సాయంత్రం వస్తారు."

ఆవిడ ఫైలు తిరగేసింది. "ఇందులో యజమాని అని ఆడవాళ్ళ పేరుందే," అంటూ చదివింది. అది నా పేరు.

"నేనేనండి."

"మరి లేరన్నారు?"

బ్యాగు మనిషి దగ్గు వచ్చినట్టు నవ్వు దాచుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. నా చెవులు వేడెక్కాయి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మాట ఎవరు అడిగినా ఆయన ఉన్నారనో లేరనో చెప్పడమే నాకు తెలుసు. మా అమ్మ కూడా అలాగే చెప్పేది.

"మూడేళ్ళ పన్ను కట్టలేదమ్మా. రెండు నోటీసులు పంపాం," అంది ఆవిడ.

లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినబడింది. కింది పళ్ళు ఊడిపోయి, కట్టుడు పళ్ళ కోసం కొడుకుని అయిదు నెలలుగా పోరుతోంది. "పన్ను కట్టేవాళ్ళొచ్చారా? ఇన్నాళ్ళకి నేను గుర్తొచ్చానన్నమాట. లోపలికి రమ్మను."

"ఆ పన్ను కాదత్తయ్యా. వీళ్ళు కట్టేవాళ్ళు కాదు, కట్టించుకునేవాళ్ళు."

"అయితే ఖర్చు మనదేనా?" అని అత్తయ్య మళ్ళీ పడుకుంది.

నోటీసుల సంగతి నాకు తెలియదు. కవరు ఏదొచ్చినా చింపేది మా ఆయనే. "ఎంతమంది ఉంటారు?" అని ఫైలు పట్టుకున్న ఆవిడ అడిగింది. ఎవరడిగినా చెప్పమని నేర్పిన మాటే చెప్పాను, ఆరుగురని. గదులు చూడాలంటూ ఆవిడ మెట్లెక్కింది, నేను వెనకాలే వెళ్ళాను. అమ్మాయిలు తాళాలేసుకుని పనులకెళ్ళిన గదులు దాటి మేడ దాకా వెళ్ళి, కలంతో ఒక్కొక్క గలీబూ చూపిస్తూ లెక్కపెట్టింది.

"ఆరుగురికి పద్దెనిమిది దిళ్ళా?"

"తల కింద ఒకటి, కాళ్ళ కింద ఒకటి, కౌగిలించుకోడానికి ఒకటి కాబోలు మేడం," అన్నాడు బ్యాగు మనిషి.

సోమవారం పదకొండు గంటలకి పన్నుల ఆఫీసుకి వచ్చి వాంగ్మూలం ఇవ్వాలని కాగితం చేతిలో పెట్టి వెళ్ళారు. చెప్పింది అబద్ధమని తేలితే కేసు నా మీదే అవుతుందని కూడా ఆవిడ చెప్పింది. ఆ మాట కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

సాయంత్రం సంగతంతా విని ఆయన చొక్కా కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "నీ గలీబులు కొంప ముంచాయి. చెప్పిన పని చెప్పినట్టు చేసే తెలివి కూడా లేదా నీకు? చదువు ఎలాగూ లేదు, కనీసం మాట వినాలి కదా." నేను ఊళ్ళో బడికి వెళ్ళాను, ఎనిమిది దాకా చదివాను. ఆయన లెక్కలో అది చదువు కాదు. మర్నాడు మా ఆడపడుచు భర్త వచ్చారు. ఆయన దుకాణాలకు లెక్కలు రాస్తారు. నేను అన్నయ్యగారూ అంటాను. టైపు చేసిన కాగితం నా ముందు పెట్టి, "ఏం లేదు చెల్లెమ్మా, ఇక్కడ సంతకం పెట్టు. ఆడవాళ్ళంటే కాస్త జాలి చూపిస్తారు. వాడి పేరు పైకొస్తే ఉద్యోగం పోతుంది, అది నీకూ నష్టమే కదా," అన్నారు.

నేను అక్షరాల కింద వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. "చదవడానికేముంది అందులో," అన్నారు మా ఆయన. అయినా చదివాను. 'హాస్టల్ మీద వచ్చిన అద్దె మొత్తం నేనే తీసుకుని నా సొంత ఖర్చులకు వాడుకున్నాను. ఈ సంగతి నా భర్తకు తెలియదు.' నా వేలు అక్కడే ఆగిపోయింది. నా సొంత ఖర్చులు. చెప్పు తెగిందని చెబితే, ఇంట్లో ఉండేదానివి నీకు చెప్పులెందుకన్నారు. పిన్నీసు పెట్టుకుని అది రెండు వానాకాలాలు గడిపింది. మా అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు బస్సు ఖర్చుకి రెండు రోజులు అడిగాను, మూడో రోజు సరిగ్గా టిక్కెట్టుకి సరిపడా ఇచ్చి, మిగిలితే తెమ్మన్నారు. పొద్దున నాలుగున్నరకి లేస్తాను, ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకి వెళ్ళే ఇద్దరికి డబ్బాలు కట్టాలి కనక. తరవాత మిగతా పదహారు మందికి వంట, స్నానాల గదులు కడగడం, దుప్పట్లు, జుట్టు అడ్డుపడిన తూములు, జ్వరమొచ్చిన పిల్లకి వేణ్ణీళ్ళు, ఆసుపత్రి షిఫ్టు నుంచి ఆఖరి అమ్మాయి వచ్చేదాకా గేటు తాళం. ఇదంతా చూసి కూడా, చుట్టాలొచ్చినప్పుడు ఆయన అనే మాట ఒకటే: "మా ఆవిడకేం, ఇంట్లో ఖాళీ."

"కాగితం ఉండనివ్వండి. సోమవారం అక్కడే పెడతాను సంతకం," అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆదివారమంతా ఆయన నాతో మంచిగా మాట్లాడారు. కొత్త చెప్పులు కూడా తెచ్చారు, ఒక సైజు చిన్నవి. ఉద్యోగం పోతే ఇల్లు గడవదన్న మాట నిజమే. అది నన్ను గిల్లుతూనే ఉంది. కానీ సంతకం పెడితే నేనే దొంగనవుతాను, చేతిలో పైసా లేని దొంగని.

సోమవారం ఆ ఆఫీసులో ఇనుప బల్ల అవతల ఆవిడ, ఇవతల మా ఆయనా నేనూ. కాగితం అందిస్తే ఆవిడ తీసుకోలేదు. "మీరే పైకి చదవండమ్మా. చదివాక సంతకం." తడుముకుంటూ చదివాను. సొంత ఖర్చుల దగ్గర ఆవిడ చెయ్యెత్తింది.

"ఏం ఖర్చులు? హాస్టల్ నడపడానికి పెట్టినవైతే ఆదాయంలోంచి తీసేస్తాం. వంటమనిషి జీతమెంత?"

"వంటమనిషి లేదండి. నేనే చేస్తాను."

"గదులు ఊడ్చేది?"

"నేనే."

"బట్టలు, గేటు?"

"అవీ నేనే."

ఆవిడ కలం కింద పెట్టింది. "అయితే సరుకుల ఖర్చు తప్ప తీసేయడానికి ఏమీ లేదు. జీతాలు లేవు కనక అదంతా లాభం కిందే వస్తుంది. లాభం ఎంత ఎక్కువైతే పన్ను అంత ఎక్కువ."

ఆ మాట నాలోపల మెల్లగా దిగింది. నా నడుం నొప్పి, నా తెల్లవారుజాములు, సబ్బుకి పగిలిన నా వేళ్ళు, అన్నీ కలిపి వీళ్ళ పుస్తకాల్లో ఒకే మాట అయ్యాయి, లాభం. అది ఆయన చేతికి వెళ్ళింది, దాని మీద పన్ను నా మెడకి చుట్టుకుంది.

"మేడం," అన్నాను, "ఒకవేళ పనిమనిషి ఉండి, మూడేళ్ళు జీతం ఇవ్వకుండా చేయించుకుని ఉంటే?"

బల్ల కింద ఆయన బూటు నా పాదాన్ని నొక్కింది.

"బాకీ కింద చూపించొచ్చు. కానీ ఆ మనిషి వచ్చి చెప్పాలి. పని ఎవరు చేయించారో, డబ్బు ఎవరి దగ్గరుందో రాసివ్వాలి."

"మా ఆవిడకి ఇవన్నీ తెలియవండి," అన్నారు మా ఆయన తొందరగా. "ఇంట్లో ఖాళీగా ఉంటుంది కదా అని నేనే ఈ హాస్టల్ పెట్టించి..."

ఆవిడ తలెత్తి ఆయన్ని చూసింది. "మీరే పెట్టించారా? మీకు తెలియదని రాసుందే ఇందులో."

బల్ల కింద ఆయన బూటు ఇంకా గట్టిగా నొక్కింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. టైపు కాగితాన్ని సంతకం లేకుండానే మడిచి ఆయన ముందు పెట్టి, ఒక తెల్లకాగితం ఇవ్వమని ఆవిడని అడిగాను. ఇచ్చింది, కలం కూడా ఇచ్చింది. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నారాయన చాలా మెల్లగా, చాలా రోజుల తరవాత నన్ను పేరు పెట్టి పిలిచి. నేను నాలుగున్నర గంటలకి లేవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, కానీ వస్తున్నాయి.

"ఏం రాస్తున్నారమ్మా, పన్ను సంగతేనా?" అని ఆవిడ అడిగింది.

"దానికంటే ముందుదండి," అన్నాను. "నా జీతం సంగతి."