రెండు ఎడమ చేతుల కోటు

మా షాపులో కత్తెర నాది, మిషను మా చిట్టిది. ఎవరూ కాగితం మీద రాసుకున్న ఒప్పందం కాదు గానీ, ముప్ఫై ఏళ్ళు అలాగే నడిచింది. చిట్టి కొలతలు చూసుకుంటుంది, బల్ల మీద గుడ్డ పరుస్తుంది, సుద్దతో గీతలు గీస్తుంది. గీసి, రెండు అడుగులు వెనక్కి జరిగి, "అమ్మా, ఒకసారి చూడు" అంటుంది. నేను కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసి, ఏదో ఒక గీత చెరిపి, గోరంత పక్కన మళ్ళీ గీస్తాను. ఆ తర్వాతే కత్తెర పడుతుంది. నిజం చెప్పాలంటే వాటిలో చాలా గీతలు చెరపాల్సిన పనే లేదు. చెరపకపోతే నేను చూసినట్టు ఎలా తెలుస్తుందని చెరిపేదాన్ని.

చిట్టి నా కూతురు. దానికిప్పుడు నలభై నాలుగేళ్ళు. దాని కూతురు ఉద్యోగం కూడా చేస్తోంది. మిషను మీద కూర్చుందంటే అంత శుభ్రంగా కుట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో లేరు. అలాంటిది ఇన్నేళ్ళలో ఒక్క గుడ్డముక్క, పోనీ చేతిరుమాలు గుడ్డయినా సరే, తన చేత్తో కోయలేదు.

చలికాలం మొదట్లో నా కుడి మణికట్టు బిగుసుకుపోయింది. డాక్టరు కుర్రవాడే, మా మనవరాలి ఈడు ఉంటాడు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మామ్మా, ఏం పని చేస్తారు మీరు?"

"కత్తెర పని."

"ఇంక వద్దు. ఈ చేత్తో అన్నం తింటే చాలు."

ఇంటికొచ్చి చెబితే మా అల్లుడు నవ్వాడు. బస్సు నడుపుతాడు, నోరు ఊరుకోదు. "అయితే అత్తయ్యా, కత్తెరకి రిటైర్మెంటన్నమాట. దండ ఎప్పుడు వెయ్యమంటారు, మీకా, దానికా?"

చిట్టి నవ్వలేదు. "మరి ఎవరు కోస్తారమ్మా?" అంది.

"ఎవరేంటి? నువ్వే."

"నేనా? బాగుంది! రెండు ఎడమ చేతుల కోటు కోసినదాన్ని, మర్చిపోయావా?"

అప్పుడు మాత్రం నవ్వింది. అల్లుడూ నవ్వాడు. ఆ కోటు కథ మా ఇంట్లో, షాపులో తెలియనివాళ్ళు లేరు. నాకొక్కదానికే ఆ పూట నవ్వు రాలేదు.

ఆ కథ చెబుతాను. చిట్టికి అప్పుడు పద్నాలుగేళ్ళు. మా ఊరి బడి టీచరమ్మగారు ఒక కోటు గుడ్డ తెచ్చారు. బూడిద రంగు ఉన్ని గుడ్డ, ముట్టుకుంటే వేలు జారిపోయేది. వాళ్ళన్నయ్య ఎక్కడినుంచో తెచ్చాడట, అలాంటిది మళ్ళీ దొరకదు. బడిలో ఏదో సభకు వేసుకోవాలని ఆవిడ కోరిక. గుడ్డ చాలీచాలకుండా ఉంది. చాలినంత ఉంటే మడత పెట్టి కోటు చేతులు రెండూ ఒకేసారి కోసేయొచ్చు. చాలనప్పుడు విప్పి పరిచి, ఒక్కొక్క చెయ్యీ విడిగా కోయాలి. మొదటి చెయ్యి అయ్యాక కొలత కాగితాన్ని బోర్లా తిప్పి రెండోది కోయాలి. తిప్పకపోతే రెండూ ఒకే వైపువి వస్తాయి. ఆ రోజు వాన. పగలే దీపం వేసుకున్నాం. చిట్టి గుడ్డ అంచు పట్టుకుని బల్ల చివర నిలబడింది. నేను కాగితం తిప్పడం మర్చిపోయాను. కోసేశాను.

అవును, నేనే.

టీచరమ్మగారు వచ్చేసరికి షాపులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళున్నారు. కోసిన ఆ రెండు ఎడమ చేతులూ పట్టుకుని ఆవిడ అలా నిలబడిపోయారు. నా చేతి పనికి తిరుగు లేదని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి. ఆవిడ నోటి నుంచి ఇంకోమాట వినాల్సి వస్తుందని భయపడ్డాను. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది. "నేను కాదండీ, మా పిల్ల నిర్వాకం. నేను లేనప్పుడు కత్తెర పట్టుకుంది."

చిట్టి నా వైపు చూసింది.

"అలా చెప్పు! నీ చెయ్యి అలా కోస్తుందా?" అన్నారు టీచరమ్మగారు. చిట్టి బుగ్గ మీద చిన్నగా తట్టి, "పోనీలే, చిన్నపిల్ల" అన్నారు. చేతుల్లేని కోటు కుట్టించుకుని సభకు వెళ్ళారు.

అంతటితో వదిలేసినా ఒక రకం. వదల్లేదు నేను. గుడ్డ ఇచ్చి వెళ్తూ ఎవరైనా కాస్త అనుమానంగా చూస్తే చాలు, "భయం లేదమ్మా, మా చిట్టి చేతికి కత్తెర ఇవ్వను, అది రెండు ఎడమ చేతుల కోటు కోసిన మహాతల్లి" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. అదీ నవ్వేది. కొన్నేళ్ళకు అదే చెప్పడం మొదలుపెట్టింది, నాకంటే బాగా. చేతులు అటూ ఇటూ తిప్పి చూపిస్తూ చెప్పేది. అది అలా చెప్పి నవ్విస్తుంటే, పోనీలే, దానికేం బాధ లేదు కదా అనుకున్నాను. నేను చేసినదాన్ని మోయడానికి దాని వీపు దొరికింది నాకు, అంతే.

డాక్టరు మాట తర్వాత మూడు వారాలు కొత్త గుడ్డలు తీసుకోలేదు. అంచులు మడవడం, జిప్పులు మార్చడం, బిగుతైనవి విప్పడం, అంతే. ముందే తీసుకున్న గుడ్డలు అలమరలో పేరుకుపోయాయి. చిట్టి ఒకటి తీస్తుంది, పరుస్తుంది, గీస్తుంది, నా వైపు చూస్తుంది. "కొయ్యి" అంటాను. కత్తెర తీసి గుడ్డ దాకా తెచ్చి, నా మొహం చూసి, మళ్ళీ పెట్టేస్తుంది. "రేపు కోస్తాలే అమ్మా, ఇవాళ తలనొప్పిగా ఉంది."

అల్లుడు ఒకరోజు నవ్వుతూనే అన్నాడు. "మీకు తెలీదు గానీ అత్తయ్యా, కూరలో ఉప్పు వెయ్యాలన్నా ముందు చేతిలో వేసుకొచ్చి నాకు చూపిస్తుంది. ఇంత సరిపోతుందా అని. నేను బస్సులో ఉంటే ఫోను చేస్తుంది."

నవ్వుదామనుకున్నాను. నేను పోయాక ఇది ఎవరి మొహం చూసి బతుకుతుంది? షాపు సంగతి పక్కన పెట్టండి. నలభై నాలుగేళ్ళ మనిషి, ఉప్పు అరచేతిలో పట్టుకుని నిలబడుతోంది.

అప్పుడే టీచరమ్మగారు వచ్చారు, మనవరాలికి కోటు కుట్టాలని గుడ్డ పట్టుకుని. ఆవిడకిప్పుడు డెబ్బై దాటాయి, కర్ర సాయంతో నడుస్తున్నారు. అద్దం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చిట్టి టీ తెచ్చింది. అల్లుడు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరి ముందు అబద్ధమాడానో ఆవిడ ముందే చెప్పాలి, ఇంతకంటే మంచి సమయం రాదనుకున్నాను. ఇప్పుడు ఈవిడ నన్ను ఛీ అన్నా సరే, ఊరంతా చెప్పినా సరే.

"టీచరమ్మగారూ, ఆ బూడిదరంగు కోటు ఉంది చూశారూ, అది కోసింది నేను. చిట్టి కాదు. పరువు పోతుందని పిల్ల మీద పెట్టాను."

ఆవిడ టీ కప్పు పక్కన పెట్టారు. నేను సిద్ధంగానే ఉన్నాను.

"అయ్యో పిచ్చిదానా!" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. "ఇన్నేళ్ళకి కూతురి తప్పు నెత్తిన వేసుకుంటున్నావా? దానికి ధైర్యం రావాలనేగా? తల్లంటే నువ్వమ్మా. విన్నావుటే చిట్టీ?"

"కాదండీ, నిజంగానే..."

"ఊరుకో, నాకు తెలీదూ నీ చెయ్యి?"

చిట్టి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఎందుకమ్మా ఇదంతా? నాకు బాగా గుర్తుంది. కత్తెర ఎంత బరువుగా ఉందో కూడా గుర్తుంది. కోస్తుంటే కిటికీలోంచి ఎండ సరిగ్గా గుడ్డ మీద పడింది. కళ్ళు చెదిరాయి, అందుకే పొరపాటు పడ్డాను."

"ఆ రోజు వానే తల్లీ. దీపం వేసుకున్నాం. నువ్వు అంచు పట్టుకున్నావు, అంతే."

అది అల్లుడి వైపు చూసింది. అతను దాని వైపు చూశాడు. ఎప్పుడో ఎవరికి ఏ రంగు గుండీ కుట్టానో అడిగితే నేను ఇప్పటికీ చెబుతానని, నా జ్ఞాపకశక్తి గురించి నలుగురిలో గొప్పగా చెప్పే మనిషి, ఆ పూట నెమ్మదిగా, "అత్తయ్యకి రెస్టు కావాలే" అన్నాడు. టీచరమ్మగారు వెళ్తూ నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ కోటు కోసిన చేతినే.

ఆ వారమంతా వచ్చినవాళ్ళల్లా నన్ను పొగిడారు. టీచరమ్మగారు చెప్పారట. ఎంత మంచి మనసు మామ్మా మీది అని. నేను నోరు విప్పి నిజం చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం మంచిదాన్ని అయ్యాను.

చెప్పి లాభం లేదు, ఎదురుగా ఉండకపోతేనైనా కోస్తుందేమో అనుకున్నాను. వారం తిరిగాక ఒకరోజు టీచరమ్మగారి మనవరాలి గుడ్డ బల్ల మీద పరవగానే లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. లోపల సుద్ద గీస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఎండ మెట్టు దిగి రోడ్డు మీదికి వెళ్ళింది. నా చెవులు రెండూ గుమ్మంలోనే ఉన్నాయి. లోపలికి పరుగెత్తి కాగితం సరిగ్గా పెట్టిందో లేదో చూడాలని కాళ్ళు లేస్తుంటే, చేతులతో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. నా బతుకులో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

చిట్టి బయటికొచ్చింది, గీతలు చెరిగిపోకుండా గుడ్డను రెండు చేతుల మీదా పట్టుకుని.

"ఎదురుగా సూట్లు కుట్టే ఆయనకి ఒకసారి చూపించి వస్తానమ్మా."

నేను ఏమీ అనేలోపు రోడ్డు దాటింది. ఆ అద్దాల తలుపు వెనక ఆయన ఫోనులో మాట్లాడుతూనే గుడ్డ వైపు చూశాడు, చూసీ చూడనట్టు తల ఊపాడు, కోసేశాడు. ఎంతో సేపు పట్టలేదు. ముక్కలు మడిచి పట్టుకుని వస్తున్న చిట్టి నడకలో నేను ఎప్పుడూ చూడని తేలిక.

"బాగా గీశావన్నాడమ్మా!"

"బాగానే గీశావు తల్లీ. నాకు తెలుసు."

"నువ్వు చూడందే ఎలా తెలుస్తుంది?" అంది అమాయకంగా, మిషను మీద కూర్చుంటూ.

అప్పటినుంచి ప్రతి గుడ్డా రోడ్డు దాటి వెళ్ళి వచ్చేది. నెల తిరక్కుండానే ఆయన, ఎందుకమ్మా రోజూ ఈ తిరుగుడు, మీ మిషను ఇక్కడే వేసుకోండి, వెలుతురు కూడా బాగుంటుంది అన్నాడట. చిట్టి వచ్చి నా ముందు నిలబడింది.

"వెళ్ళనా అమ్మా?"

వెళ్ళొద్దు అనాలనిపించింది. వెళ్ళు అనాలనీ అనిపించింది. ఏదన్నా ఆ నిర్ణయం నాదే అవుతుంది.

"నీ ఇష్టం."

"నా ఇష్టం అంటే? వెళ్ళమనా, వద్దనా?"

"నీ ఇష్టం అంటే నీ ఇష్టమే చిట్టీ."

"కోపమొచ్చిందా? ఏదో ఒకటి చెప్పమ్మా."

పెదాలు బిగపట్టాను. అది చాలాసేపు అలాగే నిలబడింది, కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. ఆ తర్వాత ఫోను తీసింది. అది మోగుతున్నంతసేపూ నా మొహంలోకే చూస్తోంది, ఇప్పటికైనా ఏమైనా చెబుతానేమోనని. నేను చెప్పలేదు.

అవతల వాళ్ళాయన ఫోను ఎత్తాడు. వెళ్ళమన్నాడు.