చెయ్యెత్తితే తగ్గించాలి

కన్నతల్లికి పిల్ల ఏడుపు పడకపోవడమేమిటని ముక్కున వేలేసుకోని వాళ్లు లేరు. మా తోటికోడలికి పడదు, అంతే. పాప కేర్‌మనగానే చెవులు మూసుకుని, వణికిపోతూ, బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకుంటుంది. తొమ్మిది నెలలుగా ఆ పిల్లకు పాలు పట్టింది నేను, లాల పోసింది నేను, జోకొట్టింది నేను. నా కడుపున ఒక్క కాయా కాయలేదు. అందుకే దాన్ని చంక దిగనివ్వలేదు.

ఇంతలో మా మరిది ఎక్కడినుంచో ఒక సైకాలజిస్టును వెతికి పట్టుకున్నాడు. "నాలుగంటే నాలుగు సిట్టింగులండీ, మీ పాపను మీరే ఎత్తుకుంటారు," అందామె మా తోటికోడలితో. నా గుండెల్లో రాయి పడింది.

పాప ఏడుపు ఫోన్‌లో రికార్డు చేసి, ఇంట్లో రోజూ బాగా చిన్నగా వినిపించాలట. మెల్లమెల్లగా పెంచాలి. తను కళ్లు మూసుకుని వింటూ, భరించలేక చెయ్యెత్తితే వెంటనే తగ్గించాలి. "తగ్గించడం తన చేతిలోనే ఉందన్న నమ్మకమే మందు," అని ఆ సైకాలజిస్టు మరీ మరీ చెప్పింది. ఫోన్ పట్టుకునే పని ఎవరికి? ఇంకెవరికి, నాకే. దొంగ చేతికి తాళాలిచ్చారు.

మొదట్లో పద్ధతిగానే చేశాను. ఆ మాయదారి వైద్యం పనిచేసింది! ఒక సాయంత్రం తను గడప దాకా వచ్చి, నా చంకలో ఏడుస్తున్న పాప బుగ్గ నిమిరింది. పాప ఠక్కున ఏడుపు మానేసింది. నా ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్ల చాకిరీ నాది, పిల్ల ఆవిడదా?

మర్నాడు తను చెయ్యెత్తింది. నేను పెంచాను.

"అక్కా, తగ్గించవా!"

"తగ్గించానమ్మా."

మళ్లీ ఎత్తింది. మళ్లీ పెంచాను.

"నిజంగా తగ్గించావా?"

"పాప మీద ఒట్టు."

అలా వారం గడిచేసరికి తను మళ్లీ బాత్‌రూమ్ పాలయింది. ఇక సిట్టింగులకు వెళ్లనంది. మరిది బతిమాలాడు. నేనూ బతిమాలాను, చూసేవాళ్లు చూస్తారుగా.

నిన్న నా గదికొచ్చి గోడకానుకుని నిలబడింది.

"నా బుర్రే చెడిపోయిందక్కా. నువ్వు తగ్గించినా నాకు ఎక్కువగానే వినిపిస్తోంది. ఇంత ఓపిక ఎవరికుంటుంది చెప్పు? దేవతవి నువ్వు. పాపను నీ దగ్గరే ఉంచేసుకో."

కళ్లొత్తుకున్నాను. నిజంగానే నీళ్లొచ్చాయి, సంతోషం ఎవరికి చేదు?

"దానికింకా మాటలు రాలేదుగా," అంది తను. "నన్ను పిన్ని అనడం నేర్పు."

పొద్దుటి నుంచీ నేర్పుతున్నాను.