జలుబులో చూసిన ఇల్లు

సెల్లారు మూలనున్న తూములో ఆమె రోజూ పొద్దున్నే బకెట్టుడు నీళ్ళు పోస్తోంది. వాడక ఎండిపోయిన తూములోంచి మురుగు వాసన పైకి తన్నుకొస్తుందని, కాసిని నీళ్ళు నిలిస్తే అవే మూతలా అడ్డుపడతాయని ఫోన్లో ఎవరో చెప్పగా విన్నది. నీళ్ళు నిలిచాయి. వాసన పోలేదు. పాతవాళ్ళు వదిలేసి వెళ్ళిన తివాచీని మెట్లమీదుగా ఈడ్చుకెళ్ళి బయట పడేసింది. నడుం పట్టేసింది గానీ వాసన ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఎలుక చచ్చిందేమోనని మెట్ల కింద టార్చి వేసి వెతికింది. గ్యాసు లీకవుతోందేమో, అందరం నిద్రలోనే పోతామేమోనని స్టవ్వు పైపుకి సబ్బునురగ రాసి, బుడగలొస్తాయేమోనని గుడ్లప్పగించి చూసింది. ఆమె భయాలు అలాగే ఉంటాయి. పిల్ల స్కూలు నుంచి కాస్త ఆలస్యంగా వస్తే చాలు, మనసులో ఆసుపత్రి దాకా వెళ్ళి వచ్చేస్తుంది.

"కంపు, కంపు అనకమ్మాయ్. కొత్తగా కొన్న ఇల్లు. వాసన అను" అంటుంది అత్తగారు, అన్ని వాసనలూ ఒకటే అన్నట్టు.

"నీది ముక్కు కాదు, ఇన్‌స్పెక్టరు" అంటాడు భర్త. "కొత్త రంగు వాసనే అది. మూణ్ణాళ్ళు ఓపిక పట్టు, అదే పోతుంది."

రంగు వాసనా, కంపూ తేడా తెలియని మనిషి కాదు ఆమె. కూతురు పుట్టిన ఏడాదికే దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వేసినట్టు ఆ చప్పుడు. డాక్టరు చెమ్మ తగలనివ్వొద్దన్నాడు, బూజు తగలనివ్వొద్దన్నాడు. అందరూ విన్నారు, కాపలా మాత్రం ఆమెకి పడింది. అప్పట్నుంచీ ఏ గుమ్మంలోనైనా ముందు అడుగుపెట్టేది ఆమె ముక్కే. కొందామనుకున్న రెండిళ్ళు ఆ ముక్కు మూలంగానే వద్దంది. రెండోది వద్దన్నరోజు భర్త ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ, "నీ ముక్కు పుణ్యమా అని అద్దె కొంపల్లోనే ముసలైపోతాం" అన్నాడు. ఇద్దరి పేరుమీదా కొనే ఇల్లు కాబట్టి ఆమె సంతకం లేకుండా పని జరగదు. అదే అతనికి ముల్లులా గుచ్చుకునేది.

ఈ ఇల్లు చూసినరోజు ఆమెకి జలుబు. ముక్కు బిగుసుకుపోయి, తల దిమ్మెక్కి, వచ్చే వారం వెళదామని బతిమాలింది. "ఇల్లు కళ్ళతో చూస్తారా, ముక్కుతో చూస్తారా? పద" అన్నాడు. తీరా ఆ గేటు ముందు దిగాక అతను చేసిన పని ఆమె ఎన్నటికీ మర్చిపోలేననుకుంది. "చలిగాలి తగులుతుంది, ముక్కుకి చున్నీ కట్టుకో" అంటూ తనే చున్నీ తీసి, చెవుల మీదుగా చుట్టి, తల వెనక ముడి వేశాడు. సెల్లారు మెట్లు దిగేముందు ఆగి ఆ ముడి ఇంకోసారి బిగించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెకి దుప్పటైనా కప్పి ఎరగని మనిషి! కిందకి దిగాక, "ఈ గది నీకే. కుట్టుమిషను ఇక్కడ పెట్టుకో. హాల్లో గుడ్డముక్కల గోల ఉండదు. పాప నీ పక్కనే కూర్చుని చదువుకుంటుంది" అన్నాడు. నాకంటూ ఒక గది! ఆమె కళ్ళు నిండిపోయాయి. ముక్కుకి జలుబు చాలదన్నట్టు ఏడుపు కూడా తోడైంది. అడిగినచోటల్లా సంతకం పెట్టేసింది.

దిగిన కొన్నాళ్ళకే ముక్కు తెరుచుకుంది. పిల్ల ఛాతీలో ఈల కూడా మళ్ళీ మొదలైంది. "నా తప్పేనండీ. జలుబుండబట్టి పసిగట్టలేకపోయాను" అని ఆమె ఎన్నిసార్లు తలదించుకుందో. "పోనీలే, పొరపాట్లు అందరూ చేస్తారు" అని అతను పెద్దమనసుతో క్షమించేవాడు.

చివరికి కుట్టిన బట్టలకి తొడిగే ప్లాస్టిక్ కవరొకటి కత్తిరించి, గోడవారన సిమెంటు నేలకి అతికించింది. మర్నాడు తీస్తే అడుగువైపంతా చెమట. అంటే నీరు కిందనుంచి, గోడ వెనకనుంచి వస్తోందన్నమాట. ఆ గోడకేమో పాతవాళ్ళు కొత్తగా తాపడం చేయించిన చెక్కలు. వాటి సందులో ముక్కు పెడితే కంపు గుప్పుమంటుంది. చెక్కలు ఊడదీద్దామంటే, "ముట్టుకున్నావంటే ఊరుకోను. బంగారంలాంటి చెక్క" అన్నాడు భర్త.

ఆ ఆదివారం మరిది భోజనానికి వచ్చాడు. నోట్లో ముద్ద ఉండగానే మాట్లాడే మనిషి. మాటకి ముందు నవ్వు.

"ఏం వదినా, ముక్కు దారికొచ్చిందా? ఆ జలుబుకి గుడి కట్టాలి నువ్వు. అది రాకపోతే ఈ ఇల్లెక్కడిది మనకి!"

"జలుబేంటి, ఇల్లేంటి?" అంది ఆమె గరిటె పట్టుకుని.

"నీకు చెప్పలేదా? ముందురోజు అన్నయ్యా నేనూ వచ్చి చూశాంగా. సెల్లార్లోకి దిగానో లేదో నాకు వాంతి వచ్చినంత పనైంది. వదిన రెండో మెట్టు దగ్గరే వెనక్కి తిరుగుద్ది, ఈ ఇల్లు కూడా గోవిందా అన్నాను. అన్నయ్య నవ్వి, 'మీ వదినకి పొద్దున్నే జలుబు పట్టుకుంది రా. తగ్గేలోపు చూపించేస్తే సరి' అన్నాడు. ఏం బుర్ర!"

"నోరు మూసుకుని తినరా" అన్నాడు భర్త.

"నవ్వులాటకి అంటున్నాడులే అమ్మాయ్, పెరుగు వెయ్యి" అంది అత్తగారు, ఆమె మొహంలోకి చూడకుండా.

అంటే అత్తగారికీ తెలుసు. ఆమె అందరికీ పెరుగు వేసింది. అబద్ధం చెప్పినందుకు కాదు ఆమె గుండె కలుక్కుమన్నది. అబద్ధాలు అలవాటే. ఆ ముడి! తల వెనక ఆ వేళ్ళు, మెట్ల దగ్గర ఆగి మళ్ళీ బిగించిన ఆ వేళ్ళు. అదొక్కటే దాచుకుంది ఆమె. మనసు బాగోనప్పుడు తీసి చూసుకునేది. పిల్ల ఊపిరికి కాపలా ఉన్న ముక్కుకి, పిల్ల తండ్రి స్వయంగా గంతలు కట్టాడు. కట్టి, ఆపైన ఆమెనే క్షమించాడు. పక్కన కూర్చున్న పిల్ల సన్నగా ఈల వేస్తూ అన్నం తింటోంది.

మర్నాడు అతను ఆఫీసుకి వెళ్ళగానే ఆమె సుత్తీ గునపమూ తీసుకుని కిందకి దిగింది. "ఏంటమ్మాయ్ ఆ చప్పుడు?" అని అత్తగారు పైనుంచి కేకేస్తే, "వాసన తీస్తున్నానత్తయ్యగారూ" అంది. మొదటి చెక్క మొండికేసింది. తర్వాతవి చివికిపోయి ఉన్నాయేమో, చేతికే వచ్చేశాయి. వెనక గోడంతా నల్లటి బూజు, దాని మీదుగా సన్నగా కారుతున్న నీరు. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కంపే. తన ముక్కు తప్పు చెప్పలేదు. ఎన్ని రోజుల తర్వాతో తనమీద తనకి నమ్మకం కుదిరింది.

మేస్త్రీకి ఫోన్ చేసి రమ్మంది. మిషను తల విప్పి పైకి మోసుకెళ్ళి, అతను ఇంట్లో ఆఫీసు పని చేసుకునే గదిలో కిటికీ పక్కన, అతని బల్ల జరిపి పెట్టుకుంది. పాప పుస్తకాలు దాని పక్కన సర్ది, కిటికీ తెరిచి ఆ గది తలుపు మూసింది. సెల్లారు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంచింది.

సాయంత్రం గుమ్మంలో అడుగుపెడుతూనే అతను ఆగిపోయాడు. "అబ్బా, ఏంటీ కంపు!"

వాసన అనలేదు. ఆమె కొక్కేనికున్న ఆ చున్నీ తీసుకుని ఎదురొచ్చింది.

"గోడ బాగయ్యేదాకా ఆ చెక్కలూ ఎక్కవు, ఆ తలుపూ మూయను" అని చున్నీ అతని చేతిలో పెట్టింది. "చలిగాలి తగులుతుంది. ముక్కుకి కట్టుకోండి."